తాళం వేసిన ఇంట్లో పొంచివుండే శత్రువు

వేసవి సెలవులు రాగానే ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలోని తెలుగు కుటుంబాలు కొన్ని తమ క్వార్టర్లకు తాళంవేసి శ్రీకాకుళం, విజయనగరం వైపు బండి ఎక్కుతాయి. పెంపుడు కుక్క పొరుగువారి సంరక్షణలో ఉంటుంది. నెల గడచిన తరువాత తలుపు తీసి లోపల అడుగుపెట్టిన కొద్ది నిమిషాలకే పాదాలపైన, చీలమండల చుట్టూ సూదులు గుచ్చినట్లు మంట మొదలు కావచ్చు. మనిషిగాని, జంతువుగాని లేని ఇంట్లో, రక్తమే ఆహారమైన పురుగులు ఇన్నాళ్లు ఎలా బ్రతికాయి?

ఈ ప్రశ్న రైల్వే ఊరికి మరీ ముఖ్యమైనది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ స్టేషను, వర్క్‌షాపు నెలకొల్పిన నాటినుండి ఉత్తరాంధ్ర కార్మికులు తరతరాలుగా ఈ ఊరిలో స్థిరపడ్డారు. బదిలీలతో, పదవీ విరమణలతో క్వార్టర్లు చేతులు మారుతూనే ఉంటాయి. పాత కుటుంబం తన కుక్కను తీసుకొని వెళ్లిపోతుంది. పురుగులు మాత్రం కొత్త కుటుంబానికి మిగులుతాయి.

ఆంగ్లంలో ‘ఫ్లీ’ అని పిలిచే ఈ పురుగును చాలామంది పిడుదుగా పొరబడతారు. పిడుదు చర్మాన్ని పట్టుకొని వేలాడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున్న ఫ్లీ రెక్కలు లేకున్నా దాదాపు జానెడు ఎత్తుకు గెంతుతుంది. ఆడ ఫ్లీ రోజుకు 40 గుడ్లవరకు పెట్టగలదు. గుడ్లు బొచ్చుకు అంటుకొని ఉండవు; ఉప్పురవ్వలవలె జారి, కుక్క పడుకొనే గోనెపట్టా మీద, మంచం క్రింద, నేల పగుళ్లలో పడతాయి. వాటినుండి వెలువడిన పిల్లదశ పురుగులు వెలుతురుకు దూరంగా పాకి, పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండు రక్తాన్ని తిని పెరుగుతాయి. వానకాలపు తేమ వాటికి వరం.

తాళం వేసిన ఇంటి రహస్యం తరువాతి దశలో ఉన్నది. పెరిగిన పిల్లదశ పురుగు దుమ్ము అంటిన సన్నని పట్టుగూడు అల్లుకుంటుంది. లోపల తయారైన ఫ్లీ వెంటనే బయటకు రానవసరం లేదు. నెలల తరబడి కదలక వేచి ఉండగలదు. అడుగుల అదురు, శరీరపు వేడి, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు తగిలితే ఆహారం వచ్చిందని గ్రహించి ఒక్కసారిగా వెలువడుతుంది. యజమాని రాకే దానికి పిలుపు!

ఫ్లీ కాటుతో పోయేది దురద మాత్రమే కాదు. బలహీనమైన కుక్కపిల్లలకు రక్తహీనత రావచ్చు. బద్దెపురుగు సోకిన ఫ్లీని పొరపాటున మింగితే కుక్కకే కాక పసిబిడ్డకు కూడ ఆ పురుగు సంక్రమిస్తుంది. ప్లేగును ఎలుకల మీది ఫ్లీలు వ్యాపింపజేస్తాయని పాల్ లూయీ సిమాన్ 1898లో కరాచీలో కనుగొన్నాడు. కుక్కల మీది ఫ్లీలకు ప్లేగు వ్యాప్తిలో పాత్ర స్వల్పమే.

పురుగులు చేరిన ఇంట్లో పెద్ద ఫ్లీలు నూటికి సుమారు అయిదు మాత్రమే. తక్కినవి గుడ్లుగా, పిల్లలుగా, గూళ్లలో నేలమీద ఉంటాయి. కాబట్టి కుక్కకు స్నానం చేయించి ఊరుకుంటే ఫలితం ఉండదు. చేయవలసినవి ఇవి:

● అనుమానం తీర్చుకోవడానికి కుక్క బొచ్చును సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని నలుసులను తడి తెల్లకాగితంపై ఉంచండి. ఎర్రని మరక ఏర్పడితే అది ఫ్లీల విసర్జనమే.

● ఇంటిలోని కుక్కలకు, పిల్లులకు అన్నింటికీ ఒకేసారి పశువైద్యుని సలహాపై మందు వాడండి. పెర్మెత్రిన్ కలిసిన కుక్కల మందు పిల్లికి ప్రాణాంతకం కావచ్చు.

● పక్కగుడ్డలను వారానికొకసారి వేడినీటితో ఉతికి ఎండలో ఆరవేయండి. మంచాల క్రింద, మూలలలో, పగుళ్లలో దుమ్మును ఊడ్చి ఇంటికి దూరంగా పారవేయండి.

● ఒకప్పుడు విరివిగా చల్లిన గమేక్సిన్ పొడి జోలికి పోవద్దు, బి.హెచ్.సి.ని మన దేశంలో 1997లో నిషేధించారు. పిల్లదశ పురుగు పెద్దది కాకుండా ఆపే మెథొప్రీన్, పైరిప్రాక్సిఫెన్ వంటి మందులు నేడు ఉన్నాయి.

● ఖాళీగా ఉన్న క్వార్టరులో చేరేముందు, సామాను దించకముందే, మోకాళ్లవరకు తెల్లని మేజోళ్లు తొడుగుకొని గదులన్నీ తిరగండి. ఫ్లీలుంటే మేజోళ్లపై నల్లచుక్కలవలె కనిపిస్తాయి.

మందు వాడిన తరువాత కూడ కొన్ని వారాలపాటు కొత్త ఫ్లీలు కనిపించవచ్చు. మందు పనిచేయలేదని నిరాశపడనక్కరలేదు. గూళ్లలోకి మందు చొరబడలేదు. లోపలివి బయటకు వచ్చేవరకు ఆగవలసిందే. ఊడ్వడం, ఉతకడం, జంతువులకు మందు వాడటం సుమారు మూడు నెలలు విడువకుండా సాగిస్తే, మరుసటి వేసవిలో తలుపు తీసిన కుటుంబానికి ఇల్లు ఇల్లుగానే దొరుకుతుంది.