వాల్మీకి గీయని గీత

'లక్ష్మణరేఖ' యను మాట ఎరుగని తెలుగువారుండరు. మర్యాదకు హద్దు చెప్పవలసిన చోటనెల్ల, తుదకు న్యాయస్థానములలోను శాసనసభలలోను సైతము ఈ మాట వినవచ్చుచున్నది. అయితే వాల్మీకి రామాయణమున ఈ రేఖ లేదు.

అరణ్యకాండ తెరచి చూడుడు. మాయలేడి యైన మారీచుడు మరణించుచు రాముని కంఠస్వరముతో ఆక్రోశించెను. సీత పలికిన పరుషవాక్యములకు నొచ్చుకొని లక్ష్మణుడు అన్నను వెదకబోయెను. పోవుచు, వనదేవతలు ఆమెను రక్షింతురు గాక యని కోరెనే కాని, గీత యేదియు గీయలేదు. సన్న్యాసి వేషమున వచ్చిన రావణుని సీత అతిథిగా భావించి ఆసనమును, పాద్యమును ఒసగినది. వాడామెను బలవంతముగా ఎత్తుకొనిపోయెను. ఆమె దాటిన హద్దు అందు లేనే లేదు.

మరి ఈ గీత మనకెట్లు వచ్చినది? గోన బుద్ధారెడ్డి రచనగా ప్రసిద్ధమైన 13వ శతాబ్దపు రంగనాథ రామాయణమున లక్ష్మణుడు పర్ణశాల చుట్టును ఏడు గీతలు గీయును. పాడుటకు అనువైన ద్విపద యగుటచేతను, తోలుబొమ్మలాటకు ఆధారమగుటచేతను ఆ కావ్యము చదువురాని వారికిని చేరువయ్యెను. ఉత్తరదేశమున తులసీదాసు లంకాకాండలో మండోదరి నోట ఈ రేఖను తలపింపజేసెను. 1987లో దూరదర్శన్‌లో ఆరంభమైన రామాయణము, అంతవరకు చెవితో విన్న గీతను దేశమంతటికి కంటితో చూపెను.

కథ నేలమీదను నిలుచును. భద్రాచలము సమీపముననున్న పర్ణశాలలో రాతిమీది చారలను చూపి, సీతమ్మ చీర ఆరవేసిన గుర్తులని చెప్పుదురు. గోదావరి ఎగువన నాసికలోను పంచవటి కలదు. యాత్రికులు రెండింటిని భక్తితో దర్శింతురు.

కవి కల్పించుట దోషము కాదు. శశిరేఖ వ్యాసభారతమున లేదు. ఐనను 1957లో వచ్చిన 'మాయాబజార్' చూచిన మనకు ఆమె ఉత్తరకంటె దగ్గరి చుట్టము. ఆ కల్పనవలన ఎవరికిని కీడు లేదు.

లక్ష్మణరేఖ సంగతి వేరు. ఆపదపాలైన స్త్రీని గూర్చి 'గీత దాటినది, అనుభవించినది' అని తీర్పు చెప్పువారు ఈ గీతనే సాక్ష్యముగా తెత్తురు. అపహరించినవాని నేరము మరుగుపడి, అపహృతయైన ఆమె నడవడి విచారణకు వచ్చును. కథను కథగా ఆనందింతము. దానితో తోడి మనిషిని తూచబోవునపుడు మాత్రము, ఆ గీత ఎవరు గీసిరో ముందుగా తెలిసికొనవలెను.