మా ఇంట్లో టైపు మిషను

కుట్టుమిషను ఉన్న ఇళ్ళు మన ఊళ్ళల్లో ఎన్నో! టైపు మిషను ఉన్న ఇల్లు మీరు ఈమధ్య ఎక్కడైనా చూశారా? గూడూరులో మా ఇల్లు ఒకటి. ముందుగదిలో కిటికీ కింద, కుట్టుమిషను పక్కనే ఉంటుంది. వచ్చినవాళ్ళు "ఇంకా పనిచేస్తుందా అండీ?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే ఒక మీట నొక్కేస్తారు. నొక్కకుండా పోయిన మనిషిని ఇంతవరకూ చూడలేదు.

ఆ రెండు మిషన్లకీ చుట్టరికం ఉంది లెండి. అమెరికాలో షోల్స్ అనే ఆయన, ఆయన స్నేహితులు కలిసి రూపొందించిన టైపు మిషనును 1874లో అమ్మకానికి తెచ్చింది రెమింగ్టన్ కంపెనీ. వాళ్ళు అప్పటికే కుట్టుమిషన్లు చేస్తున్నారు. అందుకే ఆ మొదటి టైపు మిషన్ల మీద కూడా పూలు, తీగలు వేశారు. కొన్నిటికి బండిని వెనక్కి తేవడానికి కాలితో తొక్కే పెడలు కూడా పెట్టారట! మన దేశంలో గోద్రెజ్ వాళ్ళు 1955లో సొంతంగా తయారు చేయడం మొదలుపెట్టి, 2009లో ఆపేశారు.

మాది తెలుగు మిషను. 1984లో ఇంటరు అయ్యాక నేను టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లోది. ఆడపిల్లని పై చదువుకి నెల్లూరు పంపడానికి వెనకాడే ఇళ్ళు కూడా ఆ రోజుల్లో టైపుకి మాత్రం సరేననేవి. గంటలో ఇంటికొచ్చేస్తుంది, పాసైతే ఆఫీసులో ఉద్యోగం. మా నాన్న మాత్రం దానికీ గునిశాడు. "వంట ఎట్టాగూ వస్తుంది, ఇది కూడా రానీండి" అని అమ్మే పట్టుబట్టి ఫీజు కట్టింది. ముందు ఇంగ్లీషు. 'ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్' అంటూ రోజుల తరబడి అదే వరస. చిటికెన వేలు పీకేది. లోయరుకి నిమిషానికి 30 మాటలు, హయ్యరుకి 45. నేను లోయరు పాసయ్యాను, పెళ్ళయింది, ఆ సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో అడుక్కి చేరింది.

కొన్నేళ్ళ కిందట ఆ ఇన్‌స్టిట్యూట్ మూసేస్తూ మిషన్లన్నీ పాత ఇనుముకి వేస్తున్నారని తెలిసి పరిగెత్తాను. ఇంగ్లీషువి వరసగా ఉన్నాయి. తెలుగుది ఒక్కటే, మూలన గుడ్డ కప్పి. రెండువేలిచ్చి ఆటోలో తెచ్చుకున్నాను. "దీన్నేం చేసుకుంటావే?" అన్నారు మావారు. ఆ మాటకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

తెలుగు కొట్టడంలో ఉన్న మజా ఇంగ్లీషులో లేదండీ. వత్తులూ గుణింతాలూ విడివిడి ముక్కలుగా పడతాయి. కొన్ని మీటలు నొక్కితే గుర్తు పడుతుంది గానీ బండి కదలదు. దాని మీదే తర్వాతది పడాలి. అలా అతుకులు అతుకులుగా ఒక మాట పూర్తవుతుంది, ముగ్గులో చుక్కలు కలిపినట్టు. వరస చివర గంట మోగుతుంది, చేత్తో బండిని బర్రున వెనక్కి తోస్తాం. ఆ తోసే సుఖం చెబితే తెలిసేది కాదు! 1966లో తెలుగుని అధికార భాష చేస్తూ చట్టం వచ్చాక ఆఫీసు కాగితాల మీద మనందరం చూసిన అక్షరాలు ఇవే, కాస్త ఎగుడుదిగుడుగా.

నిమ్మకాయ ఊరగాయ జాడీలకి చీటీలు దీని మీదే కొడతాను. నిమ్మకాయల ఊళ్ళో ఉంటూ ఒక్క జాడీతో సరిపెట్టుకుంటామా మరి! ఏది ఏ నెలదో చీటీ చెబుతుంది. మా పొదుపు సంఘం నోటీసు నలుగురికి కావాలంటే మూడు కార్బన్లు పెడితే ఒకే దెబ్బకి అయిపోతుంది. కాకపోతే గట్టిగా కొట్టాలి. మధ్యాహ్నం పక్కింట్లో పసిబిడ్డ నిద్రపోయే వేళ మిషను కింద పాత తువ్వాలు నాలుగు మడతలు వేస్తాను, మోత సగం తగ్గుతుంది.

కానీ అది నిజంగా పనికొచ్చింది అమ్మ విషయంలో. ఆమెకిప్పుడు 82. కావలిలో తమ్ముడి దగ్గర ఉంటుంది. మూడేళ్ళుగా చెవి బొత్తిగా వినపడదు. ఫోను చేస్తే "ఆ? ఏందీ?" అని రెండుసార్లు అడిగి, మనవడి చేతికి ఇచ్చేస్తుంది. సెల్లులో అక్షరాలు ఆమెకి ఆనవు. నా చేతిరాత కీళ్ళనొప్పులతో కోడి గీతలైపోయింది. అందుకని ప్రతి ఆదివారం ఒక పేజీ కొట్టి పోస్టు చేస్తున్నాను, వరసకీ వరసకీ మధ్య రెట్టింపు ఖాళీ వదిలి. కళ్ళద్దాలు పెట్టుకుని తనంతట తనే చదువుకుంటుంది. ఎవర్నీ చదివి పెట్టమని అడగదు. కార్బను కాపీలు నా దగ్గరే ఉంటాయి. ఏ వారం ఏం చెప్పానో చూసుకుని తర్వాతది మొదలుపెడతాను.

అందుకే దీన్ని పాడవనివ్వకూడదు. మన వైపు కార్తీకంలో వాన పట్టిందంటే ఇనుము ఊరుకోదు, తుప్పు పడుతుంది. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో అక్షరాల మొహం తోముతాను, సున్నాల్లో ఇరుక్కున్న సిరా గుండుసూదితో తీస్తాను. బండి నడిచే పట్టాలకి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. అక్షరాల కడ్డీలు కదిలే చోట మాత్రం నూనె వద్దు, దుమ్ము పట్టి బిగుసుకుపోతాయి. బాగుచేసేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పుడు లేరు. రిబ్బన్లు చెన్నై వెళ్ళినప్పుడు ప్యారిస్ కార్నర్‌లో నాలుగు కొట్లు తిరిగితే ఒక కొట్లో దొరికాయి. అరడజను కొన్నాను, మూడు అయిపోయాయి.

పోయిన వారం అమ్మ దగ్గర్నించి కార్డు వచ్చింది. వణికే అక్షరాలతో నాలుగే వరసలు. కోడలికి జ్వరం తగ్గిందట, మునక్కాడలు కాస్తున్నాయట. చివర్న: "అక్షరం పల్చబడింది. రిబ్బను మార్చు."