పాత సర్వర్‌లో మెమరీ పెంపు: తెలుగు పాఠశుద్ధి దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: పాత సర్వర్‌కు మెమరీ పెంచడాన్ని సాధారణంగా వేగానికి సంబంధించిన విషయంగానే చూస్తారు. తెలుగు పాఠాలను భద్రపరిచే యంత్రం విషయంలో అది పాఠశుద్ధికి సంబంధించిన ప్రశ్న కూడా. ఈ దృష్టితో మెమరీ ఎంపిక, అమరిక, పరీక్ష అనే మూడు దశలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: సర్వర్, మెమరీ, దోష సవరణ, యూనికోడ్, పాఠశుద్ధి.

1. ప్రవేశిక

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆత్మకూర్, గద్వాల, వనపర్తి సంస్థానాలు తెలుగు కవిపండితులను ఆదరించాయి. నిజాం రాష్ట్రంలోని తెలుగు కవులను ఒకచోట చేర్చిన సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’ 1934లో వెలువడింది. ఈ ప్రాంతపు సాహిత్యాన్ని స్కాన్ చేసి, యూనికోడ్ పాఠంగా మార్చి భద్రపరచాలని ఒక కళాశాల సంకల్పిస్తే, దానికి అందుబాటులో ఉండేది తరచుగా పదేళ్లు దాటిన సర్వరే. దానికి మెమరీ పెంచే ముందు గమనించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి.

2. మెమరీ దోషం - పాఠదోషం

యూటీఎఫ్-8 విధానంలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు అవసరం. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలు ఉన్నందున అది 18 బైట్లను ఆక్రమిస్తుంది. ‘క’ సంకేతంలోని మూడవ బైటు 10010101. అందులో ఒక్క బిట్ మారి 10010111 అయితే అది ‘గ’ అవుతుంది. ‘కడప’ ‘గడప’గా మారిపోతుంది. అదే విధంగా ఒక్క బిట్ మార్పుతో 1934 అనే సంవత్సరం 1936 కాగలదు. రెండు రూపాలూ సాధువులే కనుక అక్షరదోష పరీక్ష వీటిని పట్టుకోలేదు. మారిన పాఠం డిస్కులోకి, అక్కడి నుంచి నకళ్లలోకి చేరుతుంది. భావి పరిష్కర్త దానిని పాఠాంతరంగా నమోదు చేసే ప్రమాదమూ ఉంది.

దోష సవరణ గల మెమరీ (ఈసీసీ) ప్రతి 64 బిట్ల దత్తాంశానికి 8 తనిఖీ బిట్లను జోడిస్తుంది. ఒక బిట్ దోషాన్ని సవరిస్తుంది. రెండు బిట్ల దోషాన్ని గుర్తిస్తుంది. ఇటువంటి దోషాలు అరుదైనవి కావు. గూగుల్ సర్వర్లపై 2009లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఏడాదిలో సుమారు మూడింట ఒక వంతు యంత్రాలలో కనీసం ఒక సవరించదగిన మెమరీ దోషమైనా నమోదైంది.

3. ఎంపిక

మొదట అవసరాన్ని నిర్ధారించాలి. లినక్స్‌లో ఖాళీ మెమరీ తక్కువగా కనిపించడం కొరతకు నిదర్శనం కాదు. మిగిలిన మెమరీని వ్యవస్థ ఫైళ్ల తాత్కాలిక నిల్వకు వాడుకుంటుంది. స్వాప్‌లోకి నిరంతరం రాకపోకలు జరుగుతుంటేనే కొరత ఉన్నట్లు.

తరువాత తరాన్ని గుర్తించాలి. డీడీఆర్2, డీడీఆర్3 మాడ్యూళ్లు రెండింటికీ 240 పిన్నులే ఉన్నా వోల్టేజీ వరుసగా 1.8, 1.5, గాడి స్థానమూ వేరు. డీడీఆర్4కు 288 పిన్నులు, 1.2 వోల్టులు. కనుక ఒకదాని స్థానంలో మరొకటి పనిచేయదు. రిజిస్టర్డ్, అన్‌బఫర్డ్ రకాలను కలపరాదు. డెస్క్‌టాప్ నుంచి తీసిన మాడ్యూల్ చవకగా లభించినా, సాధారణంగా దానిలో దోష సవరణ ఉండదు.

4. అమరిక, పరీక్ష

2009 నాటి జియాన్ 5500 శ్రేణిలో ప్రతి ప్రాసెసర్‌కు మూడు మెమరీ మార్గాలు, 2012 నాటి ఈ5-2600 శ్రేణిలో నాలుగు ఉన్నాయి. రెండవ ప్రాసెసర్ లేనిచోట దానికి చెందిన స్లాట్లు పనిచేయవు. మాడ్యూళ్లను అన్ని మార్గాలకూ సమానంగా పంచాలి. ఒకే మార్గంలో ఎక్కువ మాడ్యూళ్లు నింపితే వేగం తగ్గవచ్చు. 5500 శ్రేణిలో ఒక మార్గంలో మూడు అమర్చితే 1333 వేగం 800కు పడిపోతుంది. అంటే పరిమాణం పెరిగి వేగం తగ్గే స్థితి ఏర్పడుతుంది.

పనికి ముందు నకలు తీసి, విద్యుత్ తీగను తొలగించి, స్థిర విద్యుత్ సోకకుండా జాగ్రత్తపడాలి. అమర్చిన తరువాత మెమ్‌టెస్ట్86+ను కనీసం ఒక రాత్రంతా నడపాలి. ఆపై సవరించిన దోషాల చిట్టాను క్రమంగా చూడాలి. ఒకే మాడ్యూల్‌లో అవి పదేపదే వస్తుంటే దానిని మార్చాలి.

5. ముగింపు

దోష సవరణకు అవకాశం లేని యంత్రానికి మెమరీ పెంచినా అది పాఠనిధికి మూలస్థానం కాజాలదు. దానిని పఠన, అన్వేషణ సేవలకు పరిమితం చేసి, మూలప్రతిని చెక్‌సమ్‌తో సహా వేరొక చోట భద్రపరచడం మేలు. లేఖక దోషాలను వడగట్టడానికి పరిష్కర్తలు తరాల తరబడి శ్రమించారు. యంత్రదోషాలు కొత్త పాఠాంతరాలుగా స్థిరపడకుండా చూడటం నేటి పాఠనిధి నిర్వాహకుల బాధ్యత.