ఎవరు దిగాలి? – కాలేజీ క్వార్టర్‌బ్యాక్ గొడవలో అపోహలు, వాస్తవాలు

ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే అమెరికాలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కాలేజీ ఊళ్ళన్నిటిలో ఒకటే చర్చ. ఈ ఏడాది క్వార్టర్‌బ్యాక్‌గా ఎవరు దిగాలి? క్షవరం దుకాణంలో అదే మాట, కాఫీ కొట్టులో అదే మాట. ఎమ్మెస్ చదవడానికి ఒహాయోకో మిషిగన్‌కో వెళ్ళిన మన పిల్లలు మొదటి శనివారమే దీని వేడి చూస్తారు. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం నిండిపోతుంది. ఊరంతా ఒకే రంగు చొక్కాలు. పక్క సీటులో కూర్చున్న పెద్దాయన తన మనవడి వయసున్న కుర్రాణ్ణి పేరు పెట్టి తిడుతుంటాడు.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. మైదానంలో ఒక్కో జట్టుకు 11 మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు పోవాలి. ప్రతి ప్రయత్నంలోనూ బంతి దాదాపు ఎప్పుడూ ముందుగా చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. విసరాలా, పక్కవాడికి అందించాలా, తానే పరిగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. జట్టులో ఆ పని చేయగలవాళ్ళు నలుగురైదుగురు ఉంటారు. మామూలుగా ఆడేది ఒక్కడే. గొడవంతా అక్కడే పుడుతుంది.

ఈ గొడవపడే అభిమానులకు ఆట తెలియదని నేననను. చిక్కల్లా వాళ్ళ కళ్ళకు కనబడేది శనివారం ఒక్కటే కావడం. కోచ్ మిగతా వారాలు కూడా చూస్తాడు.

అపోహ: బంతిని ఎక్కువ దూరం, ఎక్కువ వేగంగా విసిరేవాణ్ణే దింపాలి.

వాస్తవం: చేతి బలం ఉండాలి, కాదనలేం. కానీ బంతి చేతికి రాకముందే సగం పని అయిపోవాలి. ఎదుటి జట్టు ఎలా నిలబడింది, దూసుకొచ్చేది ఎవరు, తన ముందున్న భారీకాయులు ఎవరెవరిని అడ్డుకోవాలి అన్నవన్నీ చూసి అరిచి చెప్పాల్సింది అతనే. 2024 నుంచి పెద్ద కాలేజీల ఆటల్లో హెల్మెట్‌లో రేడియో పెట్టుకోనిస్తున్నారు. అయితే ప్రతి ప్రయత్నం మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి కోచ్ గొంతు ఆగిపోతుంది. ఆ తరవాత కుర్రాడు ఒంటరి.

ఒహాయో స్టేట్ కథ చూడండి. 2014 ఆగస్టులో ప్రధాన క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ భుజానికి గాయమైంది. జె.టి. బారెట్ వచ్చాడు, జట్టును గెలుపుల బాట పట్టించాడు, నవంబరులో మిషిగన్ మీద ఆడుతూ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. మూడోవాడు కార్డేల్ జోన్స్ దిగాడు. ఫిరంగి గుండులాంటి విసురు. విస్కాన్సిన్‌ను 59-0తో, అలబామాను 42-35తో, ఆఖరి పోటీలో ఆరెగన్‌ను 42-20తో ఓడించి జాతీయ టైటిల్ తెచ్చాడు. ఇక వచ్చే ఏడాది చర్చే లేదనుకున్నారు జనం. 2015 అక్టోబరుకల్లా అదే కోచ్ అర్బన్ మేయర్ జోన్స్‌ను పక్కన పెట్టి బారెట్‌కు పగ్గాలిచ్చాడు. మైదానంలో జోన్స్ చేతికి సాటి లేకపోయినా, బంతిని నిలకడగా ముందుకు నడపడంలో బారెట్ నయమనిపించాడు.

అపోహ: అంకెలు చూస్తే తేలిపోతుంది కదా!

వాస్తవం: అంకెలు ఎలా పుడుతున్నాయో చూస్తే అంత ధీమా ఉండదు. క్వార్టర్‌బ్యాక్ రెండు గజాల దూరంలో ఉన్నవాడికి బంతి అందేలా విసిరాడు, వాడు 60 గజాలు పరిగెత్తాడు. మొత్తం 62 గజాలూ విసిరినవాడి ఖాతాలోకే. అద్భుతంగా విసిరిన బంతిని అందుకోవాల్సినవాడు జారవిడిచాడు. అది కూడా విసిరినవాడి ఖాతాలోకే, వైఫల్యంగా.

కాలేజీ ఆటలో ఇంకో మెలిక ఉంది. బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే, దాన్ని సాక్ అంటారు, కోల్పోయిన గజాలను అతని పరుగు లెక్కలోంచి తీసేస్తారు. వృత్తి ఫుట్‌బాల్ ఎన్‌ఎఫ్ఎల్‌లోనైతే జట్టు విసురు లెక్కలోంచి తీస్తారు. అందుకే కాలేజీ లెక్కల్లో చక్కగా పరిగెత్తేవాడు కూడా ఒక్కోసారి కదలలేనివాడిలా కనబడతాడు, బంతిని పట్టుకుని తాత్సారం చేసి పదేపదే పడిపోయేవాడి విసురు అంకెలు మాత్రం తళతళలాడుతుంటాయి. అందరూ నమ్మే పాసర్ రేటింగ్‌దీ అదే వాలకం. గజానికి 8.4, అందిన ప్రతి విసురుకూ 100, టచ్‌డౌన్‌కు, అంటే బంతిని ఎదుటి జట్టు గోల్ గీత దాటించినందుకు, 330 కలిపి, ప్రత్యర్థి చేతికి పోయిన ప్రతి బంతికీ 200 తీసేసి, మొత్తం విసురులతో భాగిస్తారు. సాక్‌లు అందులో ఎక్కడా లేవు. ఎదుటి జట్టు బలమైనదా బలహీనమైనదా అన్నదీ లేదు.

అపోహ: వసంతంలో జరిగే ప్రదర్శన ఆటలో ఎవరు బాగా ఆడితే వాడే మొనగాడు.

వాస్తవం: స్ప్రింగ్ గేమ్‌లో క్వార్టర్‌బ్యాక్‌లకు వేరే రంగు చొక్కా వేస్తారు, తాకొద్దని గుర్తు. మీద పడే భయం లేని చోట ఎవరైనా నింపాదిగా విసరగలరు. దీనిమీద ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

అపోహ: బెంచీ మీద కూర్చున్నవాడే అసలైనవాడు, కోచ్‌కే కళ్ళు లేవు.

వాస్తవం: అన్నిటికంటే మొండి అపోహ ఇదే. దూరపు కొండలు నునుపు అన్నట్టు, ఆడనివాడి తప్పులు ఎవరికీ కనబడవు.

దీనికి బలమిచ్చింది 2018 జనవరి 8 నాటి రాత్రి. జాతీయ ఫైనల్. సగం ఆట ముగిసేసరికి అలబామా జార్జియా చేతిలో 13-0తో వెనకబడింది. అప్పటిదాకా తాను మొదలుపెట్టిన 27 ఆటల్లో రెండే ఓడిన జేలన్ హర్ట్స్‌ను కోచ్ నిక్ సేబన్ కూర్చోబెట్టి, మొదటి ఏడాది కుర్రాడు టువా టాగోవైలోవాను దింపాడు. ఆట సమమై అదనపు సమయానికి వెళ్ళాక టువా మొదట సాక్ అయ్యి 16 గజాలు పోగొట్టాడు. వెంటనే 41 గజాల దూరం విసిరి డెవాంటా స్మిత్‌కు టచ్‌డౌన్ అందించాడు. 26-23. ఆ రాత్రి నుంచి ప్రతి జట్టు అభిమానికీ తమ బెంచీ మీద ఒక టువా కూర్చున్నాడనే నమ్మకం.

వాళ్ళు మరిచిపోయే రెండో అంకం అదే ఏడాది డిసెంబరు 1న జరిగింది. అదే జార్జియా, వాళ్ళ ప్రాంతీయ లీగ్ ఫైనల్. ఈసారి టువా గాయపడ్డాడు, జట్టు 28-21తో వెనకబడి ఉంది. బెంచీ మీద నుంచి లేచి వచ్చింది హర్ట్స్. 35-28తో గెలిపించాడు. తరవాత ఓక్లహోమాకు మారి 2019లో కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు, 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు ఎన్‌ఎఫ్ఎల్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిపించి ఆ ఆటలో ఉత్తమ ఆటగాడయ్యాడు. మరి ఆ జనవరి రాత్రి అతన్ని కూర్చోబెట్టడం తప్పా? కాదు. ఆ రాత్రికి టువా సరైనవాడు, డిసెంబరుకు హర్ట్స్ సరైనవాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న వాదనకు ఇక్కడ జవాబు దొరకదు.

ఇక టామ్ బ్రేడీ. 1998లో మిషిగన్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. అయినా జనం మనసు డ్రూ హెన్సన్ మీద. హెన్సన్ ఆ రాష్ట్రపు పిల్లాడు, బేస్‌బాల్‌లో న్యూయార్క్ యాంకీస్ కూడా ఎంచుకున్న ప్రతిభాశాలి. బ్రేడీ కాలిఫోర్నియా నుంచి వచ్చినవాడు, పరుగులో మందకొడి. 1999లో కోచ్ లాయిడ్ కార్ మొదటి ఏడు ఆటల్లో ఒక పంపకం పెట్టాడు: ఆటలో మొదటి పాదం (క్వార్టర్) బ్రేడీ, రెండోది హెన్సన్, విరామంలో ఎవరు కొనసాగాలో తాను తేలుస్తాడు. చివరికి బ్రేడీయే నిలిచాడు. 2000 జనవరి 1న ఆరెంజ్ బౌల్ అనే పోటీలో 369 గజాలు, నాలుగు టచ్‌డౌన్‌లు విసిరి అలబామాపై 35-34తో గెలిపించాడు. అంత చేసినా ఆ ఏడాది, కాలేజీ కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే ఎన్‌ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో అతని వంతు వచ్చేసరికి 198 మంది పేర్లు అయిపోయాయి. ఆ తరవాత ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. అభిమానులనే ఎందుకు అనాలి, జీతాలు తీసుకునే నిపుణులూ కళ్ళెదుటి కొండను చూడలేకపోయారు.

అలాగని జనం మాట ఎప్పుడూ తప్పు కాదు. 2021 సెప్టెంబరులో ఓక్లహోమా స్టేడియంలో వెస్ట్ వర్జీనియాతో ఆట నడుస్తుండగానే జనం తమ క్వార్టర్‌బ్యాక్ స్పెన్సర్ రాట్లర్ మొహం మీదే ‘మాకు కేలబ్ కావాలి’ అని అరిచారు. మర్యాద కాదు, ఒప్పుకోవాలి. కానీ రెండు వారాల తరవాత డాలస్‌లో టెక్సాస్ చేతిలో 28-7తో చిత్తవుతున్న వేళ కోచ్ లింకన్ రైలీ కేలబ్ విలియమ్స్‌ను దింపాడు, 55-48తో గెలిచారు. కేలబ్ మరుసటి ఏడాది మరో కాలేజీలో హైస్మన్ గెలిచాడు, 2024 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక అతనే. ఆ రోజు అరిచినవాళ్ళదే ఒప్పు.

అపోహ: ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లున్న జట్టుకు ఒక్కడూ లేనట్టే.

వాస్తవం: అమెరికాలో ఇది సామెతలా స్థిరపడిపోయింది. 2006లో ఫ్లోరిడా దీన్ని కొట్టిపారేసింది. అనుభవజ్ఞుడు క్రిస్ లీక్ ఆట నడిపేవాడు. ఒకటి రెండు గజాలు తోసుకుపోవాల్సిన చోట ఎద్దులాంటి మొదటి ఏడాది కుర్రాడు టిమ్ టీబో వచ్చి గుద్దుకుంటూ వెళ్ళేవాడు. ఫైనల్లో ఒహాయో స్టేట్‌ను 41-14తో ఓడించారు. అక్కడ పంచుకున్నది పనిని. మిషిగన్‌లో పంచుకున్నది సమయాన్ని, అందుకే సీజన్ మధ్యలోనే వదిలేయాల్సి వచ్చింది. 2015 ఒహాయో స్టేట్ కూడా ఇద్దరి మధ్యా ఊగిసలాడింది. ఆ జట్టు ఏడాది మొత్తంలో ఓడింది ఒక్క ఆటే అయినా, ఆ ఓటమి జాతీయ టైటిల్ ప్లేఆఫ్ ఆశను తుడిచేసింది.

అపోహ: హైస్కూల్లో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నవాణ్ణి కాదని మామూలు కుర్రాణ్ణి ఆడించడం పిచ్చితనం.

వాస్తవం: హైస్కూల్ ఆటగాళ్ళ సత్తాను బట్టి నిపుణులు వేసే ఈ నక్షత్రాలు ఊరికే ఇవ్వరు, ట్రెవర్ లారెన్స్‌లాంటివాళ్ళు వాటికి న్యాయం చేశారు. కానీ 2021లో జార్జియాలో ఐదు నక్షత్రాల జె.టి. డేనియల్స్ గాయపడ్డాక స్టెట్సన్ బెనెట్ దిగాడు. మొదట స్కాలర్‌షిప్ కూడా లేకుండా జట్టులో చేరినవాడు. డేనియల్స్ కోలుకున్నాక కూడా కోచ్ బెనెట్‌నే కొనసాగిస్తే విమర్శలకు కొదవ లేదు. బెనెట్ వరుసగా రెండు జాతీయ టైటిల్స్ తెచ్చాడు, రెండోది 65-7తో.

అపోహ: ఎవరు బాగా ఆడితే వాణ్ణి దింపడమే, అంత ఆలోచన దేనికి?

వాస్తవం: ఒకణ్ణి ఎంచుకోవడమంటే రెండోవాణ్ణి పోగొట్టుకోవడం కావచ్చు. అభిమానుల చర్చలో ఈ మాట చాలా అరుదుగా వస్తుంది. సీజన్‌లో జట్టు సాధనకు వారానికి 20 గంటలకు మించి కేటాయించకూడదని జాతీయ క్రీడాసంఘం ఎన్‌సీఏఏ నియమం. ఆ సమయంలో సింహభాగం మొదటివాడికే ఇవ్వాలి, లేకపోతే బంతి అందుకునేవాళ్ళకు అతని విసురు అలవాటు కాదు. దాంతో రెండోవాడు వెనకబడతాడు, విసుగెత్తి వెళ్ళిపోతాడు.

2018లో క్లెమ్‌సన్ నాలుగు ఆటలు ఆడి నాలుగూ గెలిచింది. ఆ నాలుగింటినీ మొదలుపెట్టిన కెల్లీ బ్రయంట్‌ను తప్పించి, కోచ్ డాబో స్వీనీ ట్రెవర్ లారెన్స్‌కు చోటిచ్చాడు. నాలుగు ఆటలకు మించి ఆడకపోతే, కాలేజీలో ఆడగల ఏళ్ళ లెక్కలోంచి ఆ ఏడాది ఖర్చు కాదన్న కొత్త నియమం అప్పుడే వచ్చింది. బ్రయంట్ వెంటనే జట్టు వదిలేశాడు. ఆ వారమే సిరక్యూస్‌తో ఆటలో లారెన్స్ దెబ్బతిన్నాడు. ఇక మిగిలినవాడు చేజ్ బ్రైస్. నాలుగో పాదంలో జట్టును 94 గజాలు నడిపించి 27-23తో గట్టెక్కించాడు. క్లెమ్‌సన్ ఆ ఏడాది 15 ఆటలూ గెలిచింది, ఫైనల్లో అలబామాను 44-16తో ఓడించింది. లారెన్స్‌ను ఎంచుకోవడం సరైనదేనని అందరూ ఒప్పుకుంటారు. బ్రైస్ ఆ ఒక్క మధ్యాహ్నం తడబడి ఉంటే ఆ నిర్ణయాన్నే ఊరంతా తిట్టేది.

ఇప్పుడైతే ఈ లెక్క ఇంకా కఠినం. 2021 నుంచి కాలేజీ మారినవాడు ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు. అదే ఏడాది జులై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు, ఫొటోలతో డబ్బు సంపాదించుకోవచ్చు. ఈ వెసులుబాట్లు రాకముందే, ఒహాయో స్టేట్‌లో చోటు దొరక్క 2018లో లూసియానా స్టేట్‌కు వెళ్ళిన జో బరో, రెండో ఏడాదిలో 60 టచ్‌డౌన్‌లు విసిరి, ఒక్క ఓటమీ లేకుండా టైటిల్ గెలిచాడు. అలా చెయ్యి జారిపోయినవాళ్ళ జాబితా ప్రతి పెద్ద కాలేజీకీ ఉంది.

అపోహ: డబ్బు తీసుకుంటున్నాడు కదా, నాలుగు తిట్లు పడితే ఏం పోయింది?

వాస్తవం: తిట్లు ఇప్పుడు స్టేడియంలో ఆగడం లేదు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు క్రీడా పందేలపై నిర్ణయాన్ని రాష్ట్రాలకే వదిలేశాక, క్వార్టర్‌బ్యాక్ ఎన్ని గజాలు విసురుతాడన్నదాని మీద కూడా పందేలు కాయడం మొదలైంది. పందెం పోయినవాడు 20 ఏళ్ళ కుర్రాడి ఫోన్‌కి నేరుగా బెదిరింపు పంపే స్థితి వచ్చింది. 2024లో ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్ కాలేజీ ఆటగాళ్ళ వ్యక్తిగత అంకెలపై పందేలు ఆపాలని రాష్ట్రాలను కోరాడు. ఒహాయో అప్పటికే నిషేధించింది.

ఎవరు దిగాలో మీ ఇష్టం వచ్చినంత గట్టిగా వాదించుకోండి. ఆ వాదనను ఆ కుర్రాడి ఫోన్ దాకా మాత్రం తీసుకెళ్ళకండి.