పైకి రావలెనను కోరిక

మనుష్యునకు పైకి రావలెనను కోరిక సహజము. కాని యీ కోరికకు మన సంఘము రెండు పేర్లు పెట్టినది. మన యింటి బాలుడు పెద్దచదువునకు ఆశపడినచో దానిని పట్టుదల యందుము. పాలేరు కుమారుడు ఆ చదువునకే ఆశపడినచో వానికి కన్నులు నెత్తికెక్కినవందుము. మనము రెండెకరములు కొన్నచో ప్రయోజకత్వము. పొరుగువాడు కొన్నచో దురాశ. ఉన్నవాడు లేనివానికి తృప్తిని గూర్చి బోధించుటకంటె సులభమైన పని లోకమున లేదు. ఈ పక్షపాతమును కొంతసేపు విడిచి, ఒక్కొక్కని యాశ పదిమందికి ఎప్పుడు మేలగునో, ఎప్పుడు కీడగునో విచారింపవలసియున్నది.

ఇందులకు దూరదేశముల నిదర్శనములు వెదకనక్కఱలేదు. శోభనాచలస్వామి కొండ నీడనున్న ఆగిరిపల్లి మామిడితోటలను చూచిన చాలును. అంటుమొక్క నాటిన రెండుమూడేండ్లకే పూత తొంగిచూచును. అనుభవజ్ఞుడైన రైతు ఆ పూతను చూచి సంతోషింపడు, గిల్లివేయును. చెట్టు ముందు బలపడవలెను, కాపు తర్వాత రావలెను. పెరిగిన చెట్టు సైతము ఒక యేడు విరగకాచి, మఱుసటి యేడు విశ్రమించుట కలదు. ఈ విశ్రాంతిని ఓర్వలేక కొందఱు కల్టారు అను మందును చెట్టు మొదట పోయుదురు. తగిన మోతాదున, నీరును ఎరువును తక్కువ గాకుండ వాడినచో దాని ప్రయోజనము దానికున్నది. మితిమీఱి యేటేట పోసినచో చెట్టు సత్తువ తగ్గి, రెమ్మ యెదుగుదల కుంటుపడును.

మితిమీఱుట యెందువలన గలుగుచున్నది? తోటను ఒకటి రెండు కాపులకు మాత్రము గుత్తకు తీసికొన్నవానికి ఆ చెట్టు ఇరువదియేండ్ల పిమ్మట నేమగునో పట్టదు. అతని యాశకు గడువు రెండు వేసవులే. దోషమంతయు గుత్తదారునిదే యనుట న్యాయము గాదు. ఎవడు హెచ్చు సొమ్ము చెప్పిన వానికే తోట నప్పగించి, పట్టణమున గూర్చుండిన యజమానునకును ఇందు పాలున్నది. సంతకు ముందు చేరిన కాయకు ధర హెచ్చు గావున ముదరని కాయను కోయుదురు. కార్బైడుతో పసుపురంగు తెప్పింతురు. ఈ పద్ధతిని చట్టము నిషేధించినది. రంగు వచ్చును గాని రసము రాదు. మోసపోయిన కొనుగోలుదారుడు అమ్మినవాని పేరెఱుగడు. నూజివీటి కాయయే చెడ్డదనును. ఆ పేరు ఒక్కని సొత్తు కాదు, తరతరముల రైతులు కూడబెట్టిన ఉమ్మడి యాస్తి. ఒక్కడు తొందరపడి సంపాదించిన లాభమునకు ఖర్చును సీమ యంతయు భరించుచున్నది. లాభము తన లెక్కలోను, నష్టము పరుల లెక్కలోను వ్రాసికొను ఆశయే కీడు. ఆశ పెద్దదైనంత మాత్రమున కీడు గాదు.

అట్లని ఆశ నణచివేయుట ధర్మమనువారితో మేము ఏకీభవింపజాలము. ఈ సీమ మేకా అప్పారావు వంశీయుల నూజివీడు జమీగా నుండిన కాలమున రైతు ఆశకు పుట్టుకయే హద్దు గీచియుండెను. 1948వ సంవత్సరపు మద్రాసు ఎస్టేటుల రద్దుచట్టముతో నడుమనున్న జమీందారు తొలగెను. రైతు ప్రభుత్వమునకు నేరుగ శిస్తు చెల్లించు పట్టాదారు డయ్యెను. ఆ చట్టము ఎవరి దయాభిక్షయు గాదు. దాని వెనుక ఏండ్ల తరబడి రైతులు చేసిన యాందోళన గలదు. ఉన్నదానితో తృప్తిపడుమన్న హితబోధను ఆనాటివారు తలయొగ్గి వినియున్నచో, నేడు మన పెట్టెలలో పట్టాలుండెడివి కావు.

సొంతవృద్ధి లోకవృద్ధిగా మాఱిన తీరును మన తీరపు గ్రామములే చూపినవి. ఎలకుఱ్ఱులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ధనార్జనకై బొంబాయికి బోయినవారే. అందు దాచవలసినది లేదు. 1893లో అక్కడ అమృతాంజనము నెలకొల్పి ధనవంతులైరి. ఆ తలనొప్పిమందు తెచ్చిన ధనము 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగను, 1914లో మద్రాసున దినపత్రికగను, 1924లో భారతి మాసపత్రికగను, 1926లో ఆంధ్రగ్రంథమాలగను రూపొందినది. వారు 1938లో గతించిరి. తెలుగువారు వారిని స్మరించుట లాభము నార్జించినందులకు గాదు, దానిని వెచ్చించిన తీరునకు.

ఏలూరు చెంత సోమవరప్పాడులో 1908లో పుట్టిన ఎల్. వి. ప్రసాదుగారి చరిత్రయు నిట్టిదే. చదువు సాగక, సినిమా మోజుతో ఇల్లు విడిచి బొంబాయి చేరిన యువకునిగూర్చి ఊరివారు మంచిమాట యనియుండరు. ఆయన 1931లో మన దేశపు తొలి టాకీయగు ఆలం ఆరాలోను, 1932లో తెలుగు తొలి టాకీ భక్త ప్రహ్లాదలోను చిన్న వేషములు వేసి, తర్వాత గొప్ప దర్శకుడును నిర్మాతయు నయ్యెను. 1982వ సంవత్సరపు ఫాల్కే బహుమానము కంటె, ఆయన విరాళముతో 1987లో హైదరాబాదున వెలసిన నేత్రవైద్యసంస్థ ఆయన పేరును ఎక్కువ యిండ్లకు చేర్చినది.

ఇక భట్లపెనుమఱ్ఱు వాస్తవ్యులు పింగళి వెంకయ్యగారి యాశ వేఱువిధమైనది. దేశమునకొక జెండా యుండవలెనని తపించి 1916లో నమూనాలతో గ్రంథము ప్రకటించిరి. 1921లో బెజవాడ కాంగ్రెసు సంఘ సమావేశముల సందర్భమున గాంధీమహాత్మునకు సమర్పించిన నమూనా నేటి త్రివర్ణపతాకమునకు మూలమైనది. వారు మాత్రము 1963లో పేదఱికములోనే కన్నుమూసిరి. తపాలాబిళ్ల 2009లో వచ్చినది. తనకై ఆశపడినవానిని నిందించు సంఘము, దేశమునకై ఆశపడినవానికి చేసిన ఋణము తీర్చుకొనుటలో నింత జాగు చేయుట సిగ్గుచేటు.

ప్రస్తుత పరిస్థితి నాలోచింతము. 2008లో నూజివీట స్థాపింపబడిన సాంకేతిక విద్యాలయమున పదవతరగతి మార్కులనుబట్టి పల్లెటూరి పిల్లలు ప్రవేశించి ఆఱేండ్లు చదువుచున్నారు. ఇది ఆశకు నిచ్చెన వేసిన పని, హర్షింపదగినది. కాని అనేక గృహములలో ఆశ పిల్లవానిది గాదు, తండ్రిది. తాను కాలేనిది కొడుకు కావలెనని, అతని యిష్టము నడుగక, తెల్లవాఱుజామునుండి అర్ధరాత్రివఱకు చదివించు వసతిగృహములకు పంపుచున్నారు. పరీక్ష తప్పిన బాలుడు తండ్రికి మొగము చూపలేక ప్రాణము తీసికొన్న వార్త ఏటేట వినవలసివచ్చుచున్నది. లేతమొక్క పూతను గిల్లివేయు నేర్పు గలవాడు, లేతవయసు కొడుకునుండి మాత్రము కాపు కోరుచున్నాడు.

ఆ కొడుకు పట్టణమునకో అమెరికాకో చేరిన పిమ్మట భూమి కౌలుకు బోవుచున్నది. కౌలురైతునకును పిల్లలున్నారు; వానికిని ఆశయున్నది. 2019వ సంవత్సరపు సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము పదునొకండు నెలల యొప్పందముపై యజమాని సంతకము చేసిననే పంటఋణమునకు, బీమాకు దారిచూపు కార్డు దొరకెడిది. భూమి చేయిజాఱునను శంకతో పలువురు యజమానులు సంతకము చేయరైరి. ఆ యొప్పందము భూమిపై యాజమాన్యహక్కు నిచ్చునది గాదని చట్టమే చెప్పియున్నను వారి భయము తీఱలేదు. జమీందారు ముందు నిలిచి హక్కు నడిగిన రైతుల మనుమలు, నేడు తమ కౌలుదారునకు ఒక సంతకము నిరాకరించుట యెంతటి విపర్యాసము!

మా పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు. వారికి మా మనవి యిది. తోటను గుత్తకిచ్చునప్పుడు గడువు పెంచుడు. మందు మోతాదునకును, కాయ ముదిరిన పిమ్మటనే కోయుటకును షరతు వ్రాయించుడు. కౌలుదారునకు వ్రాతమూలమైన యొప్పందము నిండు. కుమారుని చదువునకు బంపుటకు ముందు వాని కోరిక యేమో యడుగుడు. పాలేరు కుమార్తె బడికి బోవుచున్నచో ఆమెకు తృప్తిని బోధింపక పుస్తకములు కొనియిండు. మన పిల్లల యాశ మనకెంత ముద్దో, వారి పిల్లల యాశ వారికిని అంతే ముద్దు.