వాగుడుకాయల గొంతు

ఆడపిల్ల నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడితే ‘వాగుడుకాయ’ అంటాం. కాస్త గొంతు పెంచిందా, ‘గయ్యాళి’ అని ముద్ర వేసేస్తాం. ఇండోనేషియాలోని పశ్చిమ జావాలో సుండా భాష మాట్లాడేవాళ్లు ఇలా గోల చెయ్యడాన్ని ‘బచెప్రొత్’ అంటారు. ముగ్గురమ్మాయిలు ఏరికోరి ఆ మాటనే తమ బ్యాండుకి పేరుగా పెట్టుకున్నారు: ‘వాయిస్ ఆఫ్ బచెప్రొత్’. మన మాటల్లో చెప్పాలంటే ‘వాగుడుకాయల గొంతు’!

మార్స్యా పాడుతుంది, గిటార్ వాయిస్తుంది. విదీది బేస్ గిటార్. సితీ డ్రమ్స్ వాయిస్తుంది. గారుత్ ప్రాంతంలోని ఓ పల్లెలో ముగ్గురూ ఒకే ఇస్లామిక్ పాఠశాలలో చదువుకున్నారు. అక్కడి ఉపాధ్యాయుడు అబా ఎర్సా వాళ్లకి రాక్ పాటలు వినిపించారు. మనసులో ఉన్నది ఇంత గట్టిగా చెప్పుకోవచ్చా అని పిల్లలకి ఆశ పుట్టింది. 2014లో బ్యాండు మొదలైంది. అప్పటికి వాళ్లకి పద్నాలుగేళ్లు.

ఏమిటీ సంగీతం?

వాళ్లకి స్ఫూర్తినిచ్చిన బ్యాండుల్లో ‘రేజ్ అగైనెస్ట్ ద మెషీన్’ ఒకటి. 1991లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ఈ బ్యాండు హార్డ్‌కోర్ పంక్, మెటల్, హిప్‌హాప్, ఫంక్ నాలుగింటినీ కలిపేసింది. పంక్‌లో కోపం, వేగం ఉంటాయి. మెటల్‌లో గిటార్ బరువుగా, ఉరుముతున్నట్టు మోగుతుంది. ఫంక్‌లో బేస్, డ్రమ్స్ కలిసి కాలు నిలవనివ్వవు. హిప్‌హాప్‌లో రాగం కన్నా మాట ముఖ్యం. దరువుకి తగ్గట్టు గడగడా మాటలు అల్లుకుపోతారు.

ఆ హిప్‌హాప్ పుట్టుక వెనకా ఓ ఆడపిల్ల ఉంది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడికి కొత్తబట్టలు కొనుక్కోవాలని, 1973 ఆగస్టు 11న టిక్కెట్టు పెట్టి పార్టీ చేసింది. రికార్డులు వేసింది ఆమె అన్న డీజే కూల్ హెర్క్. హిప్‌హాప్ పుట్టినరోజు అదేనంటారు. అన్నపేరు లోకమంతా తెలిసింది. చెల్లెలి పేరు ఎందరికి తెలుసు?

పాడుకోనివ్వు దేవుడా!

గారుత్ పిల్లలకి దారి పూలబాట కాలేదు. తలకి హిజాబ్, చేతిలో గిటార్... ఇదేం చోద్యమన్నారు. మతానికి అపచారమన్నారు. ఇంట్లోవాళ్లూ మొదట ఒప్పుకోలేదు. బెదిరింపులూ వచ్చాయి. వాళ్లు హిజాబూ తియ్యలేదు, గిటారూ వదల్లేదు. ఈ రెండింటికీ పడదని మీకెవరు చెప్పారన్నట్టు రెండింటితోనే వేదికెక్కారు.

వాళ్ల జవాబులన్నీ పాటల్లోనే ఉన్నాయి. చదువుల తీరు మీద 2018లో ‘స్కూల్ రివల్యూషన్’ పాడారు. 2022లో వచ్చిన ఒక పాట పేరుకి అర్థం ‘దేవుడా, దయచేసి నన్ను సంగీతం వాయించుకోనివ్వు’ అని. అదే ఏడాది వచ్చిన ‘నాట్ పబ్లిక్ ప్రాపర్టీ’ ఆడదాని శరీరం ఊరుమ్మడి ఆస్తి కాదంటుంది. ఇలాంటి మాటని జోలపాటలా పాడితే ఎవరు వింటారు? అందుకే ఆ హోరు.

ఆ హోరు దూరాలకి వినిపించింది. రేజ్ బ్యాండు గిటారిస్టు టామ్ మొరెల్లో మెచ్చుకున్నారు. 2021లో యూరప్ వెళ్లి వాయించి వచ్చారు. 2022లో జర్మనీలోని వాకెన్ మెటల్ ఉత్సవంలో పాల్గొన్నారు. 2023లో ‘రెతాస్’ ఆల్బమ్ తెచ్చారు. 2024 జూన్ 28న ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో వాయించారు. 1970 నుంచి జరుగుతున్న ఆ ఉత్సవంలో పాల్గొన్న మొదటి ఇండోనేషియా బ్యాండు వీళ్లదే.

మన ఇళ్లలో సంగీతం అంటే పెళ్లిచూపుల్లో ఓ కీర్తన పాడించడం వరకే అనుకున్న రోజులున్నాయి. పాడమన్నప్పుడు పాడాలి, చాలన్నప్పుడు ఆపాలి. ఈ ముగ్గురూ ఎవరూ పాడమనకుండానే పాడారు, ఆపమన్నా ఆపలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

మీ అమ్మాయి గది తలుపు వేసుకుని ఇలాంటి పాటలు వింటుంటే, ‘ఆ గోల కట్టెయ్’ అని కేకెయ్యకండి. ఓసారి పక్కన కూర్చుని, ఆ పాటలో ఏముందని అడగండి. సంగీతం మీకు నచ్చకపోవచ్చు, తప్పేం లేదు. కానీ తను మీతో ఎన్నాళ్లుగానో చెప్పాలనుకుంటున్న మాటేదో అందులో దొరకొచ్చు.