సున్నపురాతి మిట్టలలో సైకిలు బాటలు

బనగానపల్లె నుండి యాగంటికి సైకిలుపై పోయివచ్చిన పెద్దలు ఈ ప్రసంగమును వినువారిలో కొందరైనను ఉందురు. ఆనాడది వేడుకకు చేసిన ప్రయాణము కాదు. సంతకో, చుట్టముల యింటికో, కార్తిక సోమవారపు దర్శనమునకో పోవలసివచ్చి పోయిరి. ఇప్పుడన్ననో, పట్టణములనుండి యువకులు విలువగల సైకిళ్లను తెచ్చుకొని, నున్నని తారురోడ్డు విడిచి, కోరి కోరి కంకర బాటలను వెదకుకొనుచు మన మిట్టలకు వచ్చుచున్నారు. వీరికేమి పిచ్చి యని నన్నడిగినవారు కలరు. వారు వెదకున దేమో, మన బాటలలో నున్న దేమో, అందువలన మన కేమి పనియో నేడు విన్నవించెదను.

ఈ వేడుక ప్రబలిన దేశములలో ఇంగ్లాండు ఒకటి. ఆ దేశపు దక్షిణభాగమున సుద్దకొండలు కలవు. కొండలన నేల? అలలవలె లేచి పడు మిట్టలు. సుద్ద వాననీటిని దూదివలె పీల్చుకొనును. కావున పల్లమున బురద మోకాలి లోతున్నను మిట్టల వెన్నుపై బాట త్వరగా ఆరును. పూర్వపు బాటసారులును, మందలవారును ఆ వెన్నునే పట్టి నడచిరి. వించెస్టరు నుండి ఈస్ట్‌బోర్న్ వరకు సుమారు 160 కిలోమీటర్ల అట్టి బాట నేడు నడకకును, గుఱ్ఱములకును, సైకిళ్లకును తెరచియున్నది. తడిసిన సుద్ద సబ్బువలె జారునన్నమాట కూడ చెప్పవలెను.

మనకు సుద్ద లేదు; నాపరాయి కలదు. ఈ రెండును ఒక్క వంశమువే, రెండును సున్నపు శిలలే. ఆ సుద్ద పది కోట్ల సంవత్సరములకు ఇటీవలిది. సముద్రమందలి కంటికి కనబడని జీవుల పెంకులతో ఏర్పడినది. మన కర్నూలు సున్నపురాయి యాబది కోట్ల సంవత్సరములకు పైబడినది. పెంకుగల జీవులు పుట్టకమునుపే లోతులేని సముద్రమున పొరలుపొరలుగా పేరుకొన్నది. అంత వయస్సు గనుకనే అంత గట్టిదనము. బేతంచెర్ల, తాడిపత్రి, జమ్మలమడుగు ప్రాంతములలో మన యిండ్లలో పరచు బండలు ఆ పొరలే.

ఈ రాయి సుద్దవలె నీటిని పీల్చుకొనదు. నెఱ్ఱెల వెంట నీరు దిగి, వేల ఏండ్లు రాతిని కరగించుచు లోపల గుహలను తొలుచును. కొలిమిగుండ్ల చెంతనున్న బెలుము గుహలు అట్లేర్పడినవే. వానిని 1884వ సంవత్సరమున రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూతత్త్వశాస్త్రజ్ఞుడు పేర్కొనెను. 1982–83 సంవత్సరములలో జర్మనులు కొలిచిరి. వాని పొడవు 3,229 మీటర్లు. 2002వ సంవత్సరమున ప్రజల దర్శనమునకు తెరచిరి. సైకిలువాని కిందలి పాఠమేమనగా, నీరు క్రిందికి పోవుచోట పైన బాట ఆరియుండును. కాని త్రాగుటకు నీరు కూడ పైన దొరకదు. మిట్టలపై పది కిలోమీటర్లు పోవువాడు రెండు సీసాల నీరైనను వెంట గొనిపోవలెను.

ఇక బాట సంగతి. కంకర బాట యనగా రాళ్లు పోసిన బాట యని చాలమంది తలంపు. అది పొరపాటు. గుండ్రని గులకరాళ్లు చక్రము క్రింద బంతులవలె దొర్లును. పగులగొట్టిన కోణముల రాయి ఒకదానితో నొకటి పట్టుకొనును. రెండు శతాబ్దములకు పూర్వము మెకాడమను స్కాట్లాండు దేశస్థుడు చెప్పిన దిదియే: చిన్నరాయి వాడుడు, నడిమిని కొంచెము ఎత్తుగా నుంచుడు, నీటిని ప్రక్కలకు పోనిండు. మన ప్రాంతమున మఱియొక సౌకర్యము కలదు. సున్నపురాతి పొడి తడిసి, తొక్కుడుపడి, ఆరిన పిదప తనంతట తాను బిగియును. దాని తోడుగా ఎఱ్ఱ గరుసు కలసిన బాట ఏండ్ల తరబడి నిలుచును. ప్రక్కకాలువ త్రవ్వక గరుసు మాత్రమే పోసినచో తొలకరికే కొట్టుకొనిపోవును. ఉపాధి హామీ పనులలో పొలములకు బాటలు వేయించు పెద్దలు ఈ ఒక్క సంగతి గమనించిరేని చేసిన పని నిలుచును. కాలువకగు కూలి బాటకగు కూలికన్న తక్కువయే.

ఈ కంకరకు మన సీమలో కన్నీటి కథ యొకటి కలదు. 1876–78 నాటి ధాత కరువులో వేలాదిమంది రోడ్డు పనులపైనను, రాళ్లు కొట్టుటపైనను బ్రతుకీడ్చిరి. 1877లో మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, దానిపై ఒక అణాయు కూలిగా నిర్ణయించిరి. పౌననగా అరకిలోకన్న తక్కువ. పాతరోడ్డు ప్రక్క కంకరకుప్ప చూచినప్పుడెల్ల నా కది తోచును.

రేగడిని గూర్చి కూడ చెప్పవలెను. కుందూ లోయలో, కోయిలకుంట్ల వైపున, ఒక శ్రావణమాసమున అడ్డదారి యని చేలగట్టు పట్టి పోయితిని. వాన పట్టినది. ఫర్లాంగు దూరము పోకమునుపే మట్టి చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ మెత్తి, చక్రము తిరుగుట మానినది. కొంతసేపు సైకిలు నన్ను మోసెను. తరువాత నేను దానిని భుజముపై మోసితిని. పొలములోని కుఱ్ఱవాడొకడు జొన్నదంటుతో మట్టి గీచి, “మిట్టదారిన పోక ఇట్లేల వచ్చితివి తాతా?” యని అడిగెను. జవాబు లేదు. వానకాలమున రేగడిలో సైకిలు బాట లేనే లేదని యెఱుగుడు.

దారులలో నా కెక్కువ ఇష్టమైనది బనగానపల్లె–యాగంటి దారి. సుమారు 14 కిలోమీటర్లు. 2009 నాటి అరుంధతి చలనచిత్రముతో ప్రసిద్ధికెక్కిన నవాబు బంగళా ఆ వైపుననే మిట్టమీద నిలిచియున్నది. జుర్రేరు లోయలో జ్వాలాపురమువద్ద నేలపొరలలో తెల్లని బూడిద బయటపడినది. సుమారు 74,000 సంవత్సరములకు పూర్వము సుమత్రా ద్వీపమున టోబా అను అగ్నిపర్వతము ప్రేలినప్పుడు గాలిలో వచ్చి పడిన బూడిద యది. సైకిలు దిగి చూడదగినది. తాడిపత్రి నుండి కొలిమిగుండ్ల, అవుకు మీదుగా బనగానపల్లెకు వచ్చుదారి చదునైనది. కాని లారీల దుమ్ము మెండు. జమ్మలమడుగు నుండి గండికోట 15 కిలోమీటర్లు; అచటిది సున్నపురాయి కాదు, ఎఱ్ఱని గట్టిరాయి. జలాశయము నిండిన పిదప ఆ ప్రక్క కొన్ని పల్లెలును, వాని బాటలును నీట మునిగినవి. పాత పటమును నమ్మి పోరాదు. ఎక్కుడు దిగుడు వలదనువారికి 1863లో మొదలిడి 1871 నాటికి త్రవ్విన కర్నూలు–కడప కాలువ గట్టు కలదు. గట్టు బాగున్నచోట్ల అంతకన్న సుఖమైన బాట లేదు.

సైకిలు మాట. ఈ యువకులు తెచ్చు కంకర సైకిళ్ల టైరు వెడల్పు సుమారు 40 మిల్లీమీటర్లు. మన పాలవాడు తొక్కిన పాత నల్లసైకిలు టైరు ఒకటిన్నర అంగుళము. అదియు ఇంచుమించు అంతే! గేర్లు లేవు గనుక ఎక్కుడులో దిగి నడిపించెడివాడు. గాలి మాత్రము కంకరపై కొంత తక్కువ కొట్టవలెను. బిగువైన టైరు ప్రతిరాతిపై ఎగురును. మెత్తనిది రాతిని ఒడిసి పట్టును. పల్లేరుకాయకును, సర్కారుతుమ్మ ముల్లునకును ఏ టైరైనను ఒక్కటే. గనుల ప్రక్కనుండు నాపరాతి పెచ్చులు కత్తులవంటివి.

ఆ పెచ్చులే నా అసలు విన్నపమునకు కారణము. మన మిట్టలపై పూర్వము బండ్లు నడచిన డొంకలు కలవు. గ్రామపటమున అవి రస్తా పోరంబోకని యుండును. ఇప్పుడు కొన్నిచోట్ల గనుల రాతిచెత్త వానిపై పడి కొండలైనది. కొన్నిచోట్ల ఇరుప్రక్కల చేలు కలసి డొంక చాలుగా మారినది. అవి పోయినచో పట్టణపు యువకునికి పోవునది ఒక వేడుకయే. పొరుగూరి హైస్కూలుకు సైకిలుపై పోవు మన ఆడపిల్లకు మిగులునది లారీలు తిరుగు పెద్దరోడ్డు. 2020 డిసెంబరులో మన రాష్ట్రమున భూముల రీసర్వే మొదలైనది. సర్వేయరునకు గొలుసు హద్దు చూపును గాని, ఫలానా మఱ్ఱిచెట్టు ప్రక్కనుండి వంకదాటి బండ్లు పోయెడివని చూపదు. అది చూచినవారు మీరే. మీ యూరి పటపు నకలు తెప్పించి, ఒక ఉదయము చల్లనివేళ మనుమనిని సైకిలుతో ముందు నడువుమని, ఆ డొంక మొదటినుండి చివరివరకు ఎచట తెగినదో గుర్తుపెట్టించి, గ్రామసభలో వ్రాయించుడు.